బొద్దు అక్షరముల గుణము

చెవికి మాత్రమే అందు రేడియోలో కంటికి సంబంధించిన అక్షరరూపమును గూర్చి ముచ్చటింపబూనినాము. ఇది సాహసమే యైనను, గుంతకల్లులో రైలు దిగినవారికి మా మాట సులభముగా బోధపడగలదు.

గుంతకల్లు పెద్ద జంక్షను. బళ్ళారికి, రాయచూరికి, గుత్తికి, నంద్యాలకు పోవు దారులు ఇచట చీలును. తెల్లవారుజామున బండి నెమ్మదించినపుడు ప్రయాణికుడు కిటికీనుండి వెదకునది పసుపుపచ్చని పలకమీది నల్లని అక్షరములనే. సమీపముననే గుత్తి కలదు. అదియు జంక్షనే, దాని పేరును 'గు'తోనే మొదలగును. ఆంగ్లమున వ్రాసినను రెంటికి మొదటి అక్షర మొక్కటే. నిద్రకన్నులకు ఈ భేదమును క్షణములో తెలుపవలసిన భారము అక్షరములదే.

ఇట్టి పనులకు తగిన అక్షరజాతి యొకటి కలదు. దాని గీత లావుగా, అంతటను ఒకే మందముగా నుండును. ప్రక్కలనుండి కొంచెము నొక్కినట్లుండి, ఇరుకు చోట ఇముడును. కొనలు గుండ్రముగా ముగియును. ఆంగ్లలిపిలో దీనికై అక్షరపు కొనలయందలి చిన్న పాదములను తీసివేయుదురు. తెలుగున అట్టి పాదములు లేవు. తలకట్టును అట్టి అలంకారమని భ్రమింపరాదు. అది అకారమునకు గుర్తు. దాని చోట గుడి నిలిచినచో 'క' 'కి' యగును.

మన లిపి సహజముగా గుండ్రనిది. కావున గుండ్రని కొనలు దానికి ఇట్టే అమరును. చిక్కంతయు లావుతోను, ఇరుకుతోను. 'గుంతకల్లు' అను మాటనే చూడుడు. గీత మితిమీరినచో సున్న కడుపు పూడి చుక్కయగును. 'ల' క్రింది వత్తు మసిముద్దయగును. ఆంగ్లాక్షరములు ఒకే వరుసలో నిలుచును. మనకు క్రింద వత్తులకును చోటు వలయును. అడ్డమున పొదుపు చేసినది నిలువున ఖర్చగును. 'ప'లోని సందు పూడినచో అది 'వ'వలె కనబడును. అపుడు పంట వంటయగును. వానకై కాచుకొన్న ఈ సీమలో విత్తనముల అంగడిపై అట్టి పొరపాటు ఎవరిని నవ్వించును?

కంప్యూటరు యుగమునను ఈ జాతికి ఆదరము తగ్గలేదు. సిలికానాంధ్ర సంస్థ ఉచితముగా వెలువరించిన ఖతులలో 'రామభద్ర' యను బొద్దు ఖతి కలదు. కృష్ణదేవరాయల అష్టదిగ్గజములలో నొకడని పేరొందిన అయ్యలరాజు రామభద్రుని పేర అది వెలసినది. శీర్షికలకును, గోడపత్రములకును అది తగినది. ఇట్టి అక్షరములతో పుటలు నింపినచో కన్ను అలసిపోవును; బిగ్గరగా పిలుచు గొంతుతో గంటసేపు కథ చెప్పినట్లుండును.

మీ యంగడికి పేరుపలక వ్రాయించునపుడు ఒక పరీక్ష చేయుడు. ముప్పది అడుగుల దూరమున నిలిచి, కన్నులు సగము మూసి చూడుడు. సున్న నడుమ వెలుగు కనబడినచో ఆ అక్షరము మంచిది. కనబడనిచో, పెయింటరును గీత కొంచెము సన్నగిల్లజేయుమని కోరుడు. అక్షరమునకు బలము నిచ్చునది నలుపొక్కటే కాదు. దాని నడుమ విడిచిన తెలుపును.