కొండకు పట్టిన చిలుము



ఇంట్లో రాగి చెంబు వుందా? నాలుగు రోజులు తోమకపోతే ఏమవుతుంది? నల్లబడుతుంది. తడి నిలిచిన చోట ఆకుపచ్చగా చిలుము పడుతుంది. చింతపండు వేసి తోమితే మళ్లీ తళతళలాడుతుంది.

ఈ చిలుము చెంబుకే కాదు, కొండకు కూడా పడుతుంది. రాతిలో రాగి వుంటే దానికి వాన నీరు, గాలి తగులుతాయి. అప్పుడు రాయి మీద ఆకుపచ్చ మరక వస్తుంది. ఆ ఆకుపచ్చ రాయి పేరు మాలకైట్. కట్టెలకు పోయే ఆమెకో, మేకలు కాసే ఆమెకో అది ముందు కనబడుతుంది. "మన కొండలో రాగి వుందంట!" అని ఊరంతా పాకుతుంది.

రాగి వుంటే గని వచ్చినట్లేనా? గని వస్తే ఊరు బాగుపడినట్లేనా? ఈ రెండు ప్రశ్నల గురించే ఈవేళ మాట.

అగ్నిగుండాల కొండలు

పల్నాడు జిల్లాలో వినుకొండ దగ్గర అగ్నిగుండాల అనే ఊరు వుంది. 2022 దాకా అది గుంటూరు జిల్లా. ఆ ప్రాంతంలో మూడు కొండల పేర్లు భూమి శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కాయి. బండ్లమోటు కొండలో సీసం వుంది. నల్లకొండలో, ధూకొండలో రాగి వుంది. పూర్వకాలం వాళ్లు తవ్విన పాత గుంటలు కూడా అక్కడ వున్నాయి.

అక్కడికి రాగి ఎలా వచ్చింది? అది ఈనాటి కథ కాదు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కథ. అప్పుడు ఆ నేల సముద్రం అడుగున వుండేది. ఇసుక, బురద, సున్నపు మడ్డి పొర మీద పొరగా పేరుకున్నాయి. బరువుకు, వేడికి అవి గట్టిపడి రాళ్లయినాయి. ఈ రాళ్లు కడప నుంచి పల్నాడు దాకా పరుచుకుని వున్నాయి. అందుకే వీటిని కడప రాళ్లు అంటారు. తరువాత నేల ముడతలు పడింది, పగుళ్లు వేసింది. లోతు నుంచి వేడి ఉప్పునీరు ఆ పగుళ్లలో పారింది. ఆ నీటిలో రాగి, సీసం కరిగి వున్నాయి. నీరు చల్లారేసరికి అవి రాతిలో దిగబడిపోయినాయి. కాగిన ఉప్పునీరు ఆరితే గిన్నె అడుగున ఉప్పు పేరుకోదా? ఇదీ అలాంటిదే.

లోపలి రాయి ఆకుపచ్చగా వుండదు. ఇత్తడి రంగులో మెరుస్తుంది. దాని పేరు చాల్కోపైరైట్. కొందరు బంగారం అనుకుని మోసపోతారు. అందులో వున్నది రాగి, ఇనుము, గంధకం. వేరే రాయి కలవని చాల్కోపైరైట్ 100 కిలోలు వుంటే, అందులో రాగి 34 కిలోలకు కొంచెం పైన.

ఎలా వెతుకుతారు?

రాగి కోసం వెతికేవాళ్లు ముందు కొండంతా కాలినడకన తిరుగుతారు. ఏ రాయి ఎక్కడ వుందో పటం గీస్తారు. వాగుల్లో మట్టి తీసి పరీక్షకు పంపుతారు. మరక కనబడిన చోట అడ్డంగా కాలవ తవ్వి లోపలి రాయి చూస్తారు. ఆపైన బోరు వేస్తారు. ఇది నీళ్ల బోరు కాదు. బోలు గొట్టంతో రాతిని కోస్తే గుండ్రని రాతి కడ్డీ బయటికి వస్తుంది. కడ్డీని నిలువునా రెండుగా కోస్తారు. ఒక సగం పరీక్షకు పోతుంది. రెండో సగం పెట్టెలో దాస్తారు. ఇలాంటి పని మన దేశంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా చేస్తుంది. అది 1851లో మొదలైన ప్రభుత్వ సంస్థ. అగ్నిగుండాల కొండల్లోనూ అది వెతికింది.

పక్కింటి బోరులో నీళ్లు పడితే మన బోరులో పడతాయా? పడతాయని చెప్పలేం. రాగి కూడా అంతే. ఒక బోరులో దొరికితే చాలదు. పక్కన వుండాలి, లోతులో వుండాలి, తవ్విన ఖర్చు రావాలి.

ఒక లెక్క చేయండి. రాతిలో నూటికి ఒక పాలు రాగి వుంది. 1000 కిలోల రాయి తవ్వితే రాగి ఎంత? 10 కిలోలు. మిగిలిన 990 కిలోలు ఏమవుతాయి? పొడిగా, బురదగా అక్కడే మిగులుతాయి. ఎవరి పొలం పక్కన పోస్తారు? వానకు ఏ చెరువులోకి పోతాయి? లాభం లెక్కతో పాటు ఈ లెక్క కూడా అడగాలి.

బండ్లమోటులో హిందూస్తాన్ జింక్ సంస్థ కొన్నేళ్లు సీసం గని నడిపింది. తరువాత అది మూతపడింది. నల్లకొండ రాగి మాత్రం రాజస్థాన్‌లోని ఖేత్రీ లాగానో, మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ లాగానో పెద్ద గని కాలేదు. రాగి వుండటం వేరు, గని కావటం వేరు.

జాగ్రత్తలు

పాత గుంటల్లోకి దిగొద్దు. లోపల గాలి ఆడదు. పెళ్ల విరిగి మీద పడుతుంది. పిల్లల్ని పోనివ్వొద్దు. గుంటలో నీలంగా, ఆకుపచ్చగా వున్న నీళ్లు తాగొద్దు. మేకలకు తాపొద్దు. గంధకం వున్న రాయికి గాలి, నీరు తగిలితే ఆ నీరు పులిసి ఆమ్లం అవుతుంది. సీసం వున్న దుమ్ము పిల్లల మెదడుకు చేటు.

కాగితం చదవాలి

రాగి వెతికేవాళ్లు పొలంలోకి వస్తే ఏం చేయాలి? "ఎవరి అనుమతి వుంది? కాగితం చూపండి" అని అడగాలి. 1957 గనుల చట్టం ప్రకారం, వెతుకులాట వల్ల పొలం సాగుచేసుకునేవాళ్లకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. పెద్ద గని పెట్టాలంటే, 2006 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారం ప్రజల ముందు విచారణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికలో తెలియజేయాలి. ఆ గని వల్ల ఏమవుతుందో చెప్పే సారాంశం స్థానిక భాషలో వుండాలి. అంటే ఇక్కడ తెలుగులో. 2015 నుంచి గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టాలని చట్టం చెబుతోంది. ఆ డబ్బు గని వల్ల దెబ్బతిన్న ఊళ్ల మంచినీళ్లకు, వైద్యానికి, చదువుకు వాడాలి.

ఒకప్పుడు ఆ సారాంశం తెలుగులో వున్నా, చదవలేని ఆడవాళ్లకు ఒకటే. కాగితం మీద వేలిముద్ర వేసి ఇంటికి వచ్చేవాళ్లు. లోపల ఏం రాసి వుందో మరొకరు చెప్పిందే మాట. ఇప్పుడు అక్షరం వచ్చింది. తెలియని పదం దగ్గర ఆగి దాని అర్థం అడగవచ్చు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకుండా వుండవచ్చు. విచారణ రోజున పొలం పనివున్నా నలుగురు కలిసి పోవచ్చు. నీళ్లు మోసేది ఆడవాళ్లు. నీళ్ల సంగతి అడగాల్సింది కూడా వాళ్లే.

చర్చించండి

1. మీ ఊరి దగ్గర కొండలో ఏ రాళ్లు వున్నాయి? వాటి రంగు ఏమిటి?
2. 1000 కిలోల రాతిలో నూటికి రెండు పాళ్లు రాగి వుంటే, రాగి ఎన్ని కిలోలు?
3. మీ ఊళ్లో గని వస్తుందంటే మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? పలక మీద రాయండి.