భక్తికి పై మెట్లు



క్రైస్తవుఁడు భక్తియందును, తన్నుఁ దాను అర్పించుకొను ప్రేమయందును వృద్ధినొందుట యెట్లు అనునది నేఁటి ప్రసంగవిషయము. చిరకాలము బాలురకు తెలుఁగు చెప్పినవాఁడ నగుటచే, మాటయొక్క మూలమునుండి మొదలిడుట నాకు వాడుక. భక్తి యను శబ్దము భజ్ అను ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు వైయాకరణులు చెప్పిన యర్థము సేవ. కావున సేవ లేని భక్తి అర్థము లేని శబ్దము వంటిది. తెలుఁగు క్రైస్తవులు తమ గ్రంథమున ఈ పదమునే గైకొనిరి. పదముతోఁ గూడ దాని యర్థమును గైకొనుట న్యాయము.

పేతురు రెండవ పత్రిక మొదటి యధ్యాయమున విశ్వాసికి కొన్ని మెట్లు చూపఁబడినవి. విశ్వాసము మొదటిది, పిమ్మట సద్గుణము, జ్ఞానము, ఆశానిగ్రహము, సహనము, ఆఱవది భక్తి, ఏడవది సహోదరప్రేమ, ఎనిమిదవది ఎల్లరయెడఁ జూపవలసిన ప్రేమ. గ్రీకు మూలమున ఈ కడపటిదానికి అగాపే యని పేరు. ఇందు గమనింపవలసినది, భక్తి తుదిమెట్టు కాదనుట. మా మంగళగిరి కొండ నెక్కు జనులలో పెక్కుమంది నడికొండనున్న పానకాలస్వామిని దర్శించి దిగివత్తురు. శిఖరముమీఁది గండాలయ్య దీపముదాఁకఁ బోవువారు కొలఁదిమంది. మనలోను ప్రార్థన, ఉపవాసము, ఆదివారపు ఆరాధన అను నడికొండనుండియే మరలువారు మెండు.

ఏడవమెట్టు సుకరము కాదు. తనవంటివానిని ప్రేమించుట యెల్లరకును వచ్చును. 1866లో ఒంగోలునకు వచ్చిన క్లౌ దొరగారితో, మాదిగలను చేర్చుకొన్నచోఁ దాము రామని అగ్రవర్ణములవారు తెలిపిరి. ఆయన మాదిగలను విడువలేదు. పదియేండ్లు గడచునప్పటికి, 1876 మొదలు 1878 వఱకు, ఘోరమైన కరవు వచ్చినది. మన పెద్దలు దానిని ధాతకరవని చెప్పుకొనిరి. అప్పు డాయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున కొన్ని మైళ్ళ పనిని గుత్తకుఁ దీసికొని, ఆఁకటివారికిఁ బని యిచ్చి కూలి యిప్పించెను. తెలుఁగు బోధకులే అచ్చట పని చూచువారైరి. బాప్తిస్మము కోరి వచ్చినవారు వేలకొలఁదిగా నున్నను, కరవుసాయము జరుగుచున్నన్నాళ్ళు ఆయన ఇయ్యలేదు. అన్నముకొఱకు ఎవ్వఁడును విశ్వాసమును నటింపరాదని ఆయన తలంపు. కరవు తీఱిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పలువురు ఈ సంఖ్యను స్మరింతురు. నాకుమాత్రము అంతకు ముందు ఆయన నిరాకరించిన నెలలే గొప్పవిగాఁ దోఁచును. ఇచ్చినదానికి మాఱుగా భక్తినైనను కోరకుండుట నిజమైన ప్రేమకు లక్షణము.

ఇఁక ఎనిమిదవమెట్టు. డాక్టరు అన్నా కూగ్లరమ్మగారు 1883లో గుంటూరునకు వచ్చిరి. ఆమె అమెరికాలో వైద్యవిద్య ముగించిన విదుషి. అయినను లూథరన్ మిషనువారు వైద్యురాలిని పంపుటకు అప్పటికి సిద్ధముగా లేనందున, ఆమెను బోధకురాలిగాఁ బంపిరి. ఆమె అలుగలేదు. బడిపని చేయుచునే స్త్రీలకును పిల్లలకును మందిచ్చుచుండిరి. ఆసుపత్రి తలుపులు తెఱచుట 1898లో జరిగినది. అనఁగా పదునైదేండ్ల యోర్పు. 1930లో ఆమె ఆ గుంటూరులోనే కన్ను మూసిరి. ఆమె వైద్యమునకుఁ గృతజ్ఞులై ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు రోగుల బంధువులకొఱకు ఆసుపత్రి యెదుట సత్రము కట్టించిరి. ఒకరి ప్రేమ మఱియొకరి ప్రేమను మేల్కొలుపుట యిట్టిది.

ఇంత చేయుట మనవంటివారికి సాధ్యమా యని మీరడుగవచ్చును. నా యింట జరుగుచున్న చిన్నమాట చెప్పెదను. నా భార్య పక్షవాతముచే మంచము పట్టి నాలుగేండ్లయినది. తెల్లవాఱుజామున నేను ప్రార్థనకుఁ గూర్చున్నవేళనే ఆమెకు దప్పికయగును, లేదా ప్రక్క మార్చవలసి వచ్చును. ఇది నీ భక్తికి విఘ్నము కాదా యని మిత్రుఁ డొకఁడు నన్నడిగెను. “అయ్యా, కాదు, నా ప్రార్థనకు వచ్చు ప్రత్యుత్తర మదియే” అంటిని. ఆమెకు మాట స్పష్టముగా రాదు. జీవితమంతయు శబ్దశాస్త్రముతోఁ గడపిన నాకు ఆ తడఁబాటు పలుకులను అర్థము చేసికొనుటకు రెండేండ్లు పట్టినది. సహనము నాకు నేర్పినది ఆమెయే.

అట్లని ప్రార్థనను మానుఁడని చెప్పను. ఏటి యిసుకలోని చెలమను చూడుఁడు: తోడినకొలఁది ఊరును, తోడకున్నచోఁ బూడిపోవును. ఊట లేనిచోఁ దోడుటయు లేదు. భక్తి యూట, ప్రేమ తోడుట. ప్రార్థన లేని సేవ కొన్నాళ్ళకు విసుగగును. సేవ లేని ప్రార్థన కొన్నాళ్ళకు ఆడంబరమగును.

కావున నా మనవి యొక్కటే. రేపు ఉదయమున ప్రార్థన ముగించి లేచునప్పుడు ఒక్క మనుష్యుని పేరు తలఁచి లెండు. ఆ మనుష్యుఁడు మీ కులమువాఁడు, మీ సంఘమువాఁడు కాకున్న మఱియు మంచిది. సూర్యుఁడు క్రుంకులోపల అతనికిఁ జేయఁదగినది చేయుఁడు. చేసినదానిని ఎవ్వరికిని చెప్పకుఁడు. మఱునాఁడు ఇంకొక పేరు తలఁపుఁడు. కొండ ఎక్కుటకు మఱియొక త్రోవ నే నెఱుఁగను.