గురికి కుదిరే తూటా



రాయచూరు కోట గోడల పక్కనుంచి మనలో చాలామంది రోజూ వెళ్తుంటాం. 1520లో ఆ గోడల కింద జరిగిన ఒక సంగతి చెబుతాను. శ్రీకృష్ణదేవరాయలు కోటను ముట్టడించారు. గోడ పడగొట్టబోయిన సైనికులు పైనుంచి వచ్చే బాణాలకు, రాళ్లకు బలైపోతున్నారు. అప్పుడు ఫిగైరెదో అనే పోర్చుగీసు ఆయన ఇరవైమంది తుపాకి వీరులతో వచ్చి, గోడమీద తలెత్తినవారిని ఒక్కొక్కరినే కొట్టించాడు. చివరికి కోట అధికారి తొంగిచూడబోయి, నుదుట గుండు తగిలి పడిపోయాడు. తర్వాత కోట లొంగింది. న్యూనిజ్ అనే పోర్చుగీసు రచయిత ఈ వివరాలు రాశాడు. ఆ యుద్ధంలోనే వందల ఫిరంగులున్న ఆదిల్‌షా ఓడిపోయాడు. మోత వేరు, గురి వేరు.

నేటి పిస్టల్ పోటీలకూ ఈ మాట వర్తిస్తుంది. పెద్ద తూటా అయితే బాగా తగులుతుందని కొందరి నమ్మకం. అది పొరపాటు. తూటా బరువు, మందు పెరిగినకొద్దీ పిస్టల్ వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బకు జడిసి చేయి ముందే బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కేలోపే గురి చెదురుతుంది.

అందుకే 10 మీటర్ల పోటీలో 4.5 మిల్లీమీటర్ల గాలి పిస్టల్, 25 మీటర్ల పోటీలో పాయింట్ 22 వాడతారు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ రెండు పోటీల్లోనూ రజతాలు గెలిచింది. సెంటర్‌ఫైర్ పోటీలో పాయింట్ 38 దాకా అనుమతి ఉన్నా, తక్కువ మందుతో కాల్చే పాయింట్ 32నే చాలామంది ఎంచుకుంటారు. దాని తూటా మొన బల్లపరుపుగా ఉండి, కాగితం మీద అంచు తెగిన గుండ్రని రంధ్రం చేస్తుంది. మార్కులు లెక్కించడంలో తగాదా ఉండదు.

బోరు ఒక్కటే అయినా తూటాలన్నీ ఒక్కటి కావు. నల్లరేగడికి పనికొచ్చే విత్తనం ఎర్రనేలకు పనికిరానట్టే, ఒక పిస్టల్‌కు నప్పిన రకం మరోదానికి నప్పకపోవచ్చు. అందుకని పిస్టల్‌ను దిమ్మ మీద ఆనించి, ఒక్కో రకంవి పదేసి కాల్చి చూడాలి. రంధ్రాలు ఏ రకానికి దగ్గరదగ్గరగా పడితే ఆ రకమే, ఆ లాటే కొనుక్కోవాలి. ఖరీదు చూసి కొనడం కాదు. మందు ఎక్కువ దట్టిస్తే గురి పెరగదు, ప్రాణాపాయం పెరుగుతుంది.

ఇదంతా లైసెన్సు ఉన్నవారు, అనుమతి ఉన్న రేంజిలో, శిక్షకుని ఎదుట చేయవలసిన పని. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే, 2019 సవరణ చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైకి పోయిన గుండు ఎవరి మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు. గురి లేని గుండు ఎవరికీ గొప్ప కాదు.