ఏ బళ్లో వేద్దాం?



వేసవి రాగానే మన ఇళ్లలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఆవకాయ. రెండోది, వచ్చే ఏడు పిల్లల్ని ఏ బళ్లో వెయ్యాలన్న చర్చ. ఆవకాయ విషయంలో మనల్ని ఎవరూ మోసం చెయ్యలేరు. కాయ కోయించి టెంక కట్టిందో లేదో చూస్తాం. కారం నాలిక మీద వేసుకుని మరీ కొంటాం. బడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం గేటు చూసి, వ్యాను చూసి, పక్కింటావిడ మాట విని ఫీజు కట్టేస్తాం. నేనూ అలా కట్టినదాన్నే కనుక ధైర్యంగా చెబుతున్నాను.

మా తోటికోడలు వాళ్లది నాతవరం మండలంలో ఒక పల్లె. తాండవ నీళ్ల మీద కొద్దిపాటి వరి, రెండు గేదెలు. ఇద్దరు పిల్లలూ ఊళ్లో గవర్నమెంటు బళ్లోనే చదువుతున్నారు. ఆ మధ్య వేసవిలో నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చి, కొంగుముడి విప్పి రెండు గాజులు నా చేతిలో పెట్టింది.

"అక్కా, గుంటణ్ని ఇక్కడ కాన్వెంటులో వేద్దామనుకుంటున్నాం. వ్యాను మా ఊళ్లోకే వస్తాదంట. ఈ గాజులు బ్యాంకులో పెట్టిస్తే ఈ ఏటి ఫీజు గట్టెక్కుద్ది. బావగారితో చెప్పవూ?" అంది.

"మరి పాప?" అన్నాను.

"దానికేం తొందరక్కా? ఊళ్లో బళ్లోనే చదువుకుంటాది. రెండు ఫీజులు మేమెక్కడ కడతాం?"

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కొడుక్కి చాలని బడి కూతురికి ఎలా చాలుతుందండీ? ఇది ఒక్క ఆవిడ మాట కాదు. మనలో ఎన్ని ఇళ్లలో అబ్బాయి వ్యానులోనూ, అమ్మాయి నడిచీ వెళ్లడం లేదు?

గాజులు బీరువాలో పెట్టి, "రేపు చెబుతాను" అన్నాను. సాయంత్రం మా పెరటింటి అబ్బాయిని పిలిచాను. వాడిదీ, మా వాడిదీ ఒకే ఈడు. వాడు మూడేళ్లుగా కాన్వెంటులో చదువుతున్నాడు. ఇద్దరికీ రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి చదవమన్నాను. మావాడు గడగడా చదివి కథ కూడా చెప్పాడు. ఆ అబ్బాయి ఒత్తుల దగ్గర ఆగిపోయాడు. తర్వాత లెక్కలు. అప్పు తెచ్చుకునే తీసివేత ఇస్తే ఆ అబ్బాయి చకచకా చేశాడు, మావాడు నోట్లో వేలు పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి ఇంగ్లీషు పద్యం ఒకటి ఎంతో ముద్దుగా అప్పజెప్పాడు. "అర్థమేమిటి నాన్నా?" అంటే నవ్వేశాడు.

ఏ బడి గెలిచినట్టు? ఏదీ గెలవలేదు. ఇద్దరికీ ఏదో ఒకటి వచ్చు, ఏదో ఒకటి రాదు. ఆ రాని సంగతి ఇద్దరి తల్లులకూ తెలియదు!

ఇది ఇద్దరు పిల్లల కథే కదా అంటారేమో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. అయిదు జిల్లాల్లో 180 గ్రామాలు తీసుకుని, గవర్నమెంటు బళ్లలో చదివే పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవారిని ఖర్చు లేకుండా ప్రైవేటు బళ్లకు పంపారు. నాలుగేళ్ల తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. తెలుగులోనూ లెక్కల్లోనూ లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఆ బళ్లలో చిన్న తరగతుల నుంచీ హిందీ చెబుతారు కనుక.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. ఆ ప్రైవేటు బళ్లు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయం ఇచ్చి, ఒక్కో పిల్లవాడి మీద గవర్నమెంటు ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఆ ఫలితం తెచ్చాయి. కనుక కాన్వెంటులో చదువే లేదనడం తప్పు. ఫీజు కట్టాం కనుక చదువు దానంతటదే వస్తుందనుకోవడమూ తప్పే.

మర్నాడు నేనూ ఆవిడతో వాళ్ల ఊరు వెళ్లాను. సెలవులైనా ప్రధానోపాధ్యాయురాలు ఏదో రాతపని మీద బడికి వచ్చారు. ఇద్దరే టీచర్లు, అయిదు తరగతులు. "ఒకరు పాఠం చెబుతుంటే మిగతా తరగతుల వాళ్లు రాసుకుంటూ కూర్చోవాలమ్మా" అన్నారావిడ. మా వాడికి తీసివేత ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

విద్యా హక్కు చట్టం వచ్చింది 2009లో. దాని ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లు. అరవై దాటితే మూడో టీచరు. ఊళ్లో వాళ్లు ఒక్కొక్కరే పిల్లల్ని వ్యాను ఎక్కిస్తుంటే అరవై దాటేదెప్పుడు? టీచర్లు లేరని పిల్లల్ని తీసేస్తాం. పిల్లలు లేరని టీచర్లు రారు. మధ్యలో చిక్కుకునేది ఇంకెక్కడికీ వెళ్లలేని పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు.

అదే చట్టం బడికొక కమిటీ ఉండాలంది. అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే. సగం మంది స్త్రీలు ఉండాలి. బడి డబ్బు ఎలా ఖర్చవుతోందో, టీచర్లు వేళకు వస్తున్నారో లేదో అడిగే హక్కు వాళ్లకుంది. మా తోటికోడలికి ఈ సంగతే తెలియదు. మీలో ఎందరికి తెలుసు?

ఆ ఏడు గాజులు బ్యాంకుకి వెళ్లలేదు. గుంటడు ఊళ్లోనే ఉన్నాడు. ఆవిడ కమిటీలో చేరింది. సాయంత్రం అరగంట అన్నాచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుని, పాల లెక్కలతోనే తీసివేతలు నేర్పింది. మూడో టీచరు ఇంకా రాలేదు. ఇంగ్లీషు ఇంకా కుంటుతూనే ఉంది. హైస్కూలుకి ఎక్కడికి పంపాలో అప్పుడు చూసుకుందామంది. ఎక్కడికి పంపినా ఇద్దర్నీ ఒకే బళ్లో వేస్తానని మాత్రం నా చేతిలో చెయ్యి వేసి చెప్పింది.

కాన్వెంటు వద్దని నేను చెప్పడం లేదండీ. మీ ఊరి బడి తలుపులు తెరుచుకోకపోతే, అక్కడ అడిగీ అడిగీ విసిగిపోయి ఉంటే, పిల్లల్ని మార్చడంలో తప్పు లేదు. పేద కుటుంబాలవారికి ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతి సీట్లలో నాలుగో వంతు ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మీ ఇంట పనిచేసే అమ్మాయికి ఆ ముక్క చెప్పండి, పుణ్యం ఉంటుంది.

ఫీజు కట్టే ముందు మూడు పనులు చెయ్యండి. మీ పిల్లవాడి చేత తెలియని కథ ఒకటి చదివించి, అర్థం అడగండి. తీసివేత, భాగహారం ఒక్కొక్కటి చేయించండి. తర్వాత మీ వీధి గవర్నమెంటు బడికీ, మీరనుకున్న ప్రైవేటు బడికీ రెండింటికీ వెళ్లి, ఒక తరగతికి ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు, చెప్పే టీచరు నిరుడు కూడా ఉన్నారా అని అడగండి. సమాధానం చెప్పని చోట గేటు ఎంత పెద్దదైనా వెనక్కి వచ్చేయండి.

మామిడికాయకి ఇచ్చినపాటి శ్రద్ధ బడికి ఇవ్వలేమా? ఆలోచించండి. ఇంట్లో అమ్మాయి ఉంటే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఆలోచించండి.