ఒకే చెట్టు మీద గూళ్లు, వేరే వేరే నీళ్లలో తిండి

హాలహర్వి నుంచి మాట్లాడుతున్నా. ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, పెంగ్విన్లు అన్నీ చేపలే తింటాయా?" అని.

లేదు తమ్ముడూ. అంటార్కిటికాలో అడేలీ పెంగ్విన్ ఎక్కువగా క్రిల్ తింటుంది. చిన్న రొయ్య లాంటిది అది. కానీ అదే అడేలీ రాస్ సముద్రం వైపు గూడు కట్టుకుంటే, చేపలు కూడా బాగా తింటుంది. కింగ్ పెంగ్విన్‌కి లాంతరు చేపలంటే ప్రాణం. క్రిల్ తిన్నవాటి రెట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఆ మరకలు ఉపగ్రహం ఫొటోల్లో కూడా కనిపిస్తాయి. రెట్ట చూసి భోజనం చెప్పేయొచ్చన్నమాట!

సరే, అంత దూరం ఎందుకు? మన ఎల్ఎల్‌సీ కాలువ గట్టు మీద నిలబడి చూడండి. ఒక కొంగ నీళ్లలో చేప కోసం కదలకుండా కాచుకొని ఉంటుంది. పక్క చేనులో ఎద్దుల వెనకాల తిరిగే కొంగ మిడతలు ఏరుకుంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, తిండి మాత్రం వేరు.

ఇంకా బాగా తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూడాలి. అక్కడ పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఒకే ఊళ్లో గూళ్లు పెడతాయి. పెలికాన్ ముక్కు కింద సంచి ఉంటుంది కదా, దాంతో నీళ్లతో సహా చేపను ఎత్తేస్తుంది. ఎర్రకాళ్ల కొంగ అట్ల కాదు. మోకాలి లోతు నీళ్లలో ముక్కు కొంచెం తెరిచి పెట్టి, కాలితో బురద కదిలిస్తుంది. చేప ముక్కుకు తగిలిందా, టక్ అని మూసేస్తుంది. కంటితో చూడాల్సిన పనే లేదు. అందుకే దానికి లోతు తక్కువ నీళ్లే కావాలి.

అదే కొంగ హిందూపురం దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద గూడు కడితే, చుట్టుపక్కల చెరువులే దానికి వంటిల్లు. తేలినీలాపురంలో అయితే నౌపడా చిత్తడి నేలలు. నేలపట్టు పెలికాన్లకు పులికాట్ సరస్సు ఉంది. పక్షి అదే, గూడు మారితే పళ్లెం మారుతుంది.

ఇక్కడే నాకు భయం. వీరాపురంలో జనం చెట్లు నరకరు, పిల్లలు రాళ్లు వేయరు. ఊరంతా కాపలానే. కానీ చెరువు ఎండితే ఆ కాపలా పిల్లల కడుపు నింపదు కదా! తేలినీలాపురంలో 2022 మొదట్లో పెలికాన్లు చాలా చచ్చిపోయినాయి. పోస్ట్‌మార్టం చేస్తే లోపల నెమటోడ్ పురుగులు దొరికినాయి. అలాంటి పురుగులు తిన్న చేపలు, నత్తల ద్వారానే లోపలికి పోతాయి. చెట్టు బాగుంది, గూడు బాగుంది, తిండే చంపింది. మనం మాత్రం చెట్టుకు కంచె వేసి బోర్డు పెట్టి, పనైపోయింది అనుకుంటాం.

మీ ఊరి చెరువులో ఏ పక్షి ఏం తింటోందో ఒక పది నిమిషాలు చూసి కామెంట్‌లో పెట్టండి. ఫొటో లేకపోయినా పర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో అవి చదువుతా.