7 గేర్ల సైకిల్‌కి 8 స్పీడ్ షిఫ్టర్ పడుతుందా?

షిఫ్టర్ ఒక్కటి పోయిందని షాపుకెళ్తే "మొత్తం సెట్ మార్చాలి తమ్ముడూ" అంటారు. ఆగండి, డబ్బులు అప్పుడే తియ్యకండి.

వెనకాల ఉన్న డీరైల్యర్‌కి మన బండికి ఎన్ని గేర్లో తెలీదు. కేబుల్ ఎంత లాగితే దానికి తగ్గట్టు జరుగుతుంది, అంతే. లెక్కపెట్టేది షిఫ్టర్. మా కోడింగ్ వాళ్ల భాషలో, లాజిక్ మొత్తం షిఫ్టర్‌లోనే ఉంది.

షిమానోలో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం 7 స్పీడ్‌కి 5 మి.మీ., 8 స్పీడ్‌కి 4.8, 9 స్పీడ్‌కి దాదాపు 4.35. అంటే 7 గేర్ల బండికి 8 స్పీడ్ షిఫ్టర్ పెడితే క్లిక్‌కి తేడా 0.2 మాత్రమే. నాలుగో గేర్‌లో కేబుల్ సరిచేసుకుంటే, రెండు చివర్లా తేడా 0.6 మి.మీ. నడిచిపోద్ది! ఎక్స్‌ట్రా క్లిక్ ఒకటి మిగులుతుంది కదా, దాన్ని లిమిట్ స్క్రూ ఆపేస్తుంది. చైన్ రెండిటికీ ఒకటే, కాబట్టి అదీ మార్చక్కర్లేదు.

అదే 9 స్పీడ్ షిఫ్టర్ పెట్టారనుకోండి... క్లిక్‌కి 0.65. చివరి గేర్‌కి వచ్చేసరికి దాదాపు 2 మి.మీ. పక్కకి పోయి ఉంటుంది. కరకరమంటుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చైన్ జారినా జారుద్ది. వద్దు.

ఇదంతా షిఫ్టర్, డీరైల్యర్ రెండూ షిమానోవి అయితేనే. 10 స్పీడ్ మౌంటెన్ బైక్ డీరైల్యర్ మాత్రం ఇందులో కలపకండి, దాని కేబుల్ లెక్కే వేరు. అన్నట్టు, షిఫ్టర్ జత కొనక్కర్లేదు. వెనక గేర్లది కుడిచేతి వైపుది, అదొక్కటి అడగండి.