దేశాల పట్టికలో బెల్జియం

కోవిడ్ ఏ దేశంలో ఎలా పాకిందో చెప్పమని పిలిచారు, సంతోషం. ముందు ఒక అపోహ సంగతి తేల్చాలి. 2020లో టీవీల్లో రోజూ దేశాల పట్టిక వేసేవారు, క్రికెట్ స్కోరు చూసినట్టు చూశాం. జనాభాతో పోల్చిన మరణాల్లో బెల్జియం పైవరసలో ఉండేది. "అంత డబ్బున్న దేశంలో వైద్యం అంత అధ్వానమా?" అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు ఓపిక ఉండదు.

బెల్జియం ఏం చేసిందో వినండి. వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన జ్వరంతో, ఆయాసంతో పోయాడనుకోండి. పరీక్ష చెయ్యలేదు. అయినా డాక్టరుకు కోవిడ్ అనుమానం ఉంటే ఆ మరణాన్నీ లెక్కలో వేశారు. మొదటి విడతలో అక్కడి మరణాల్లో దాదాపు సగం వృద్ధాశ్రమాల్లోనే జరిగాయి. చాలామంది పోయారు, కాదనను. కానీ పక్కన బ్రిటన్‌ను చూడండి. ఏప్రిల్ చివరిదాకా ఇంగ్లండ్‌లో రోజువారీ లెక్కంటే ఆస్పత్రి మరణాలే. ఆగస్టులో, పరీక్షలో తేలాక 28 రోజుల్లోగా పోయినవాళ్ళనే లెక్కిస్తామన్నారు. ఒక్కరోజులో మొత్తం నుంచి 5 వేలకు పైగా తగ్గాయి! ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ర్యాంకులిస్తారా? వెనక వరసలో తలూపుతున్నారు, మీకైనా అర్థమైంది.

పెరూ సంగతీ అంతే. 2021 మే 31న పాత రికార్డులు తిరగేసి, 69 వేల మరణాలను లక్షా 80 వేలకు సవరించుకుంది. తెల్లారేసరికి పట్టికలో మొదటి స్థానం. నిజం ఒప్పుకున్న దేశానికి దక్కిన పేరు అది! నాకైతే ఆ దేశంమీద గౌరవం పెరిగింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, గబగబా చెప్పేస్తాను. పరీక్షలు పెరిగితే కేసులూ పెరుగుతాయి, కాబట్టి కేసులతో దేశాలను పోల్చకండి. ముసలివాళ్ళు ఎక్కువున్న ఇటలీని, కుర్రవాళ్ళు ఎక్కువున్న నైజీరియాను వయసు చూడకుండా పోల్చకండి. అన్నిటికన్నా నమ్మదగింది అదనపు మరణాల లెక్క: మామూలు ఏడాదికన్నా ఎందరు ఎక్కువ పోయారని. 2020, 2021ల్లో ప్రపంచంలో దేశాలు చెప్పినవి 54 లక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కోటీ 49 లక్షలు. మన దేశానికి ఆ అంచనా 47 లక్షలు, ప్రభుత్వ లెక్క 4.8 లక్షలు. అంచనా పద్ధతిని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రతి మరణం సకాలంలో నమోదై ఉంటే ఇంత తేడాకు చోటుండేది కాదు.

అందుకే మిమ్మల్ని కోరేది ఒకటే. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించండి. మరణ కారణాన్ని డాక్టరుతో రాయించండి.